ఆంతరంగిక ఆల్బమ్: రోజుల లెక్క, కాపీల లెక్క

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఫొటోగ్రాఫర్లకు కాస్త తెరిపి దొరుకుతుంది. శ్రావణంలో ముహూర్తం పెట్టుకున్న అమ్మాయికి కలిసొచ్చే నెల ఇది. చీరల కొనుగోళ్లు, బ్లౌజుల కొలతలు ఎలాగూ నడుస్తుంటాయి. వాటి మధ్య ఒక పూట తనకోసం అట్టేపెట్టుకుని, పట్టుచీరా నగల బరువూ లేకుండా, పడకగదిలాంటి చోట కిటికీ వెలుతురులో ఫొటోలు తీయించుకోవడం, ఆ ఆల్బమ్‌ను పెళ్లినాడు వరుడికి కానుకగా ఇవ్వడం... బూడ్వార్ షూట్ అంటే ఇంతే. అమెరికాలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అక్కడి తెలుగు పెళ్లిళ్ల మీదుగా, ఇన్‌స్టాగ్రామ్ మీదుగా మన నగరాలకూ వచ్చింది. శాటిన్ గౌను వేసుకుంటారో, కాబోయే భర్త తెల్లచొక్కా వేసుకుంటారో, పల్చటి నేతచీర చుట్టుకుంటారో ఎవరిష్టం వాళ్లది. అసలు తీయించుకోవాలా వద్దా అన్నదీ అంతే.

దీనికి సన్నాహం అనగానే చాలామంది పట్టుకునేవి రెండు అంకెలు: నడుము కొలత, ఒంటి బరువు. ఫొటో బాగా రావడంలో ఆ రెండిటి వాటా తక్కువ. అసలు పనిచేసే అంకెల్లో మొదటిది రోజుల లెక్క. రెండోది కాపీల లెక్క. దీన్ని దాదాపు ఎవరూ అడగరు.

45 రోజుల ముందే ఎందుకు

పెళ్లిరోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుందాం. తీసిన ఫొటోల్లోంచి ఏరి, సరిదిద్ది ఇవ్వడానికి స్టూడియోలు మామూలుగా రెండు మూడు వారాలు అడుగుతాయి. ఆల్బమ్ అచ్చుకు, బైండింగుకు ఇంకో వారం పది రోజులు. చివరి పది రోజులు పెళ్లిపనులకే సరిపోతాయి, అప్పుడు ఆల్బమ్ ప్రూఫులు చూసే ఓపిక ఎవరికీ ఉండదు. 21, 10, 10 కలిపితే 41. వాన వల్లో జ్వరం వల్లో తేదీ మారితే అన్నట్టు నాలుగు రోజులు అదనం. మొత్తం 45. ఆషాఢం తొలివారంలో తీయించుకుంటే శ్రావణం రెండో సగంలో ముహూర్తానికి లెక్క సరిగ్గా సరిపోతుంది.

ఈ 45 రోజులకు మన ఇళ్లలో ఇంకో కారణం ఉంది, పసుపు. పెళ్లికూతుర్ని చేసే రోజున నలుగు పెట్టాక ఒంటికి పట్టిన పసుపు రంగు రెండు మూడు స్నానాల దాకా పూర్తిగా వదలదు. కంటికి అది అందంగానే ఉంటుంది, కెమెరా దగ్గరే చిక్కు. ఈ తరహా ఫొటోల్లో వెనకాల ఉండేది ఎక్కువగా తెల్లదుప్పటి, తెల్లగోడ. ఒంటి పసుపును తగ్గించాలని ఎడిటింగ్‌లో రంగు జరిపితే దుప్పటి నీలంగా మారుతుంది. దుప్పటిని తెల్లగా ఉంచితే మెడ దగ్గర పసుపు, చెవి వెనక ఇంకా పసుపు, మోచేతి దగ్గర మామూలు రంగు. చర్మాన్నీ దుప్పటినీ వేరుచేసి ఒక్కో ఫొటోను దిద్దుకుంటూ కూర్చోవాలి. ఆ పనికి ఓపిక లేక కొందరు ఫొటోగ్రాఫర్లు చర్మం మొత్తాన్ని ‘స్మూత్’ చేసి పారేస్తారు, మైనపుబొమ్మ తయారవుతుంది. కాబట్టి నలుగుకు ముందే ఈ పని కానిచ్చేయాలి.

గోరింటాకు సంగతి కొంచెం వేరు. ఆషాఢంలో రోట్లో రుబ్బి పెట్టుకున్న గోరింటాకు అరచేతిలో వారం పదిరోజుల్లో వెలిసిపోతుంది, ఎందుకంటే ఆ రంగు పట్టేది చర్మం పైపొరకే. గోళ్ల మీద మాత్రం నెలల తరబడి నిలుస్తుంది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, మొత్తం మారడానికి ఆరు నెలల దాకా పడుతుంది. గోళ్లకు మిగిలిన ఆ ఎరుపును నెయిల్‌పాలిష్‌తో కప్పేయమని మేకప్ వాళ్లు సలహా ఇస్తుంటారు. నా మాట వింటే వద్దు. తెల్లదుప్పటి మీద ఆ గోళ్లకంటే తెలుగుతనం ఇంకేముంటుంది?

జాగ్రత్త పడాల్సింది నల్లగా, గంటలో పండే కోన్‌లతో. అంత త్వరగా నల్లరంగు వచ్చిందంటే అందులో జుట్టురంగుల్లో వాడే పారా-ఫినైలిన్ డయమైన్ కలిపి ఉండొచ్చు. అమెరికా ఆహార ఔషధ సంస్థ దాన్ని ఒంటిమీద రంగుగా వాడటానికి అనుమతించలేదు. యూరప్‌లో జుట్టురంగులోనే 2 శాతం మించకూడదన్న నియమం ఉంది. పడనివాళ్లకు బొబ్బలు లేస్తాయి, ఆ డిజైన్ ఆకారంలోనే మచ్చ మిగిలిపోవచ్చు. మామూలు గోరింటాకు గంటలో పండదు, దాని రంగు ముదరడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది.

చర్మం తొందరపడదు

చర్మం పైపొర పూర్తిగా మారడానికి యువతుల్లో దాదాపు 28 రోజులు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ 40 దాకా పోతుంది. అంటే ఈ రోజు మొదలుపెట్టిన క్రీము పనిచేసిందో లేదో నెల తిరిగితే గాని తెలియదు. షూట్‌కు వారం ముందు పార్లర్‌లో కొత్త ఫేషియల్ చేయించుకోవడం ఎందుకు తప్పో ఈ ఒక్క అంకె చెబుతుంది. లాభం కనబడటానికి నెల కావాలి. మంట, ఎరుపు, పొక్కులు కనబడటానికి ఒక్కరోజు చాలు. బ్లీచ్, పీల్ లాంటివి షూట్‌కు రెండు వారాల లోపు పెట్టుకోకండి. ఏ కొత్త సరుకైనా మోచేతి లోపలివైపు రాసి 48 గంటలు చూడండి.

రోమాలకూ లెక్కుంది. లేజర్ అయితే నాలుగు నుంచి ఆరు వారాలకు ఒక సిటింగ్ చొప్పున ఆరు, ఎనిమిది సిటింగులు పడతాయి, అంటే కనీసం ఐదారు నెలలు. ముహూర్తం పెట్టుకున్నాక మొదలుపెడితే సగంలో ఉంటారు. వ్యాక్సింగ్ షూట్‌కు రెండు మూడు రోజుల ముందు, అదీ రోమం సోనామసూరి గింజంత, అంటే 5 మిల్లీమీటర్ల దాకా పెరిగి ఉంటేనే. అంతకన్నా పొట్టిగా ఉంటే పట్టుకు రాక తెగి, లోపలికి మొలిచి, చుక్కలు చుక్కలుగా లేస్తుంది. రెటినాల్ రాసుకునేవాళ్లు వ్యాక్సింగ్‌కు ఐదు నుంచి ఏడు రోజుల ముందే ఆపాలి, లేకపోతే పట్టీతో పాటు చర్మమూ లేచొస్తుంది.

మన నగరాల్లో స్కూటీ నడిపే అమ్మాయిల చేతులు చూడండి. గ్లవుజు ఆగిన చోట ఒక గీత, చొక్కా చెయ్యి ఆగిన చోట ఇంకో గీత, వాచీ కింద తెల్లపట్టీ. ఈ గీతలు ఒక్క పూటలో పోవు, వారాలు పడుతుంది. సన్‌స్క్రీన్ మొదలుపెట్టాల్సింది అందుకే ఇప్పుడు. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది కమిలించే యూవీబీ కిరణాల్లో 97 శాతాన్ని ఆపితే, 50 ఉన్నది 98 శాతాన్ని ఆపుతుంది. ఆ ఒక్క శాతం కోసం రెట్టింపు ధర పెట్టేకంటే, రాసుకునేదేదో దండిగా, రెండు గంటలకోసారి రాసుకోవడం మేలు. షూట్ రోజున మాత్రం జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న రకాలు రాసుకోకండి. ఫ్లాష్ పడితే ముఖం మీద బూడిద పూసినట్టు తెల్లగా వస్తుంది.

ఇక ‘తెలుపు’ సంగతి. పెళ్లికుదిరిన ఇంట్లో ఎవరో ఒకరు ఒక క్రీము ట్యూబు తెచ్చి పెడతారు. వారంలో నిగారింపు తెచ్చే ట్యూబుల్లో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్. ఇలాంటి పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చినా, మందుల షాపులో అడిగితే ఇస్తూనే ఉన్నారు. రాసినంతకాలం మెరుపు, ఆపగానే ఎరుపు, మొటిమలు. ఆపే రోజు సరిగ్గా పెళ్లి వారంలో వచ్చిందనుకోండి, ఆ బాధ చెప్పనలవి కాదు. ఫొటోగ్రాఫర్‌తో కూడా ముందే చెప్పండి, రంగు తెల్లబరచవద్దని. చామనఛాయ వెలుతురును పట్టుకునే తీరే వేరు. కలర్ ఫిల్ముల కాలంలో కొడాక్ తన ల్యాబులకు పంపిన ‘షర్లీ కార్డు’ మీద ఉండేది తెల్లజాతి స్త్రీ బొమ్మ. ఆమె ఒంటిరంగుకు సరిపోయేలా అచ్చుయంత్రాలు సరిచేసేవారు. ఆ కాలం పోయింది. చామనఛాయను ఉన్నదున్నట్టు చూపించే కెమెరాలు ఇప్పుడు అందరి దగ్గరా ఉన్నాయి.

బరువు కన్నా దూరం ముఖ్యం

వారానికి అరకిలో నుంచి కిలో దాకా తగ్గడం ఆరోగ్యకరమైన వేగం అంటారు. ఆరు వారాల్లో మహా అయితే మూడు నుంచి ఆరు కిలోలు. అంత కడుపు మాడ్చుకుని తగ్గినా ఫొటోలో వచ్చే తేడా, కెమెరా ఒక అడుగు వెనక్కి జరిగితే వచ్చే తేడా ముందు నిలవదు. 2018లో జామా వారి ముఖ ప్లాస్టిక్ సర్జరీ పత్రికలో వచ్చిన అధ్యయనం సెల్ఫీల మీద లెక్కగట్టింది: 12 అంగుళాల దూరం నుంచి తీస్తే, 5 అడుగుల దూరం నుంచి తీసినదానికంటే ముక్కు వెడల్పు దాదాపు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. ముక్కుకు వర్తించేది మోకాలికీ మోచేతికీ వర్తిస్తుంది. కెమెరాకు దగ్గరగా ఏది ఉంటే అది పెద్దదవుతుంది. మంచం మీద పడుకున్న మనిషిని 35 మిల్లీమీటర్ల లెన్సుతో కాళ్లవైపు నుంచి దగ్గరగా తీస్తే పాదాలు ముఖమంత అవుతాయి. అదే 85 మిల్లీమీటర్ల లెన్సుతో రెండు మూడు మీటర్ల దూరం నుంచి తీస్తే అన్నీ తమ తమ కొలతల్లో ఉంటాయి. అందుకే చిన్న గది మంచిది కాదు. గది చూడబోయినప్పుడు మంచానికీ ఎదుటి గోడకూ మధ్య ఎన్ని అడుగులుందో చూడండి, పది అడుగులైనా ఉండాలి.

వెలుతురు విషయంలో శీతల దేశాల పుస్తకాలు చెప్పే సూత్రం ఒకటుంది: ఉత్తరపు కిటికీ ఎంచుకో, అందులోంచి నేరుగా ఎండ రాదు. లండన్‌లో నిజమే కావచ్చు. హైదరాబాద్ దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ ఏటా మే 9న, మళ్లీ ఆగస్టు 3న మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ల కిందికి వచ్చేస్తుంది. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. పొద్దున కూడా సరిగ్గా తూర్పున కాక కొంచెం ఉత్తరానికి జరిగి ఉదయిస్తాడు. కాబట్టి ఆషాఢంలో మబ్బు లేని ఉదయం ఉత్తరపు కిటికీలోకీ ఏటవాలుగా ఎండ పడుతుంది. దానికి విరుగుడు పల్చటి తెల్లకర్టెన్, అదీ లేకపోతే ఒక పొర మల్లుపంచె. మబ్బు పట్టిన రోజైతే మరీ మంచిది, ఆకాశమంతా ఒకే దీపం. కిటికీ వెలుతురు దాదాపు 5500 కెల్విన్లు, గదిలోని పచ్చబల్బు 2700. రెండూ కలిస్తే ఒక చెంప నీలం, ఇంకో చెంప నారింజ. అన్ని బల్బులూ ఆర్పేయమనండి.

ఆ పూట కోసం చిన్న సంగతులు. ఇంటి నుంచి నైటీలోనే బయల్దేరండి. లోదుస్తుల ఎలాస్టిక్, పంజాబీ డ్రెస్ బొందు, సాక్సు అంచు చర్మం మీద వేసే ముద్రలు పోవడానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది, ఆలోపు మేకప్ వేసినా ఆ గుంట గీత పక్కవెలుతురులో కనబడుతుంది. ఏసీ 26 దగ్గర పెట్టమనండి, 20లో పెడితే ఒళ్లు గగుర్పొడిచి ప్రతి రోమకూపమూ లేస్తుంది. ముందురోజు రాత్రి ఆవకాయ, అప్పడాలు మానేస్తే పొద్దున ముఖం ఉబ్బదు. నెలసరి దగ్గర్లో ఉంటే తేదీ మార్చుకోండి, దీనికోసం వాయిదా మాత్రలు మింగకండి. ముహూర్తం మారదు గాని షూట్ మారుతుంది కదా.

మీ ఫొటో ఎన్ని చోట్ల ఉంది?

ఇక అసలు లెక్క. మూడు దుస్తులు, ఒక్కోదానికి 40 నిమిషాలు, మొత్తం రెండు గంటలు. ఈ లోపు 400 ఫొటోలు తీశారనుకుందాం. ఒక్కో రా ఫైలు 30 ఎంబీ వేసుకుంటే 12 జీబీ. మీరు ఎంచుకునేవి 40. మరి మిగతా 360? అవీ మీవే. కన్ను మూసినవి, బట్ట జారినవి, మీరు ఒప్పుకోనివి అన్నీ అందులోనే.

ఆ 12 జీబీ ఎక్కడెక్కడికి వెళుతుందో చూడండి. కెమెరాలో రెండు కార్డులుంటే రెండింటిలోనూ పడుతుంది. అక్కడి నుంచి స్టూడియో కంప్యూటర్‌లోకి, దాని బ్యాకప్ డిస్కులోకి, ఆ కంప్యూటర్ క్లౌడ్‌కు కలిపి ఉంటే అక్కడికీ. మన దగ్గర చాలామంది ఫొటోగ్రాఫర్లు రీటచింగ్ బయటికిస్తారు, ఆల్బమ్ డిజైనింగ్ ఇంకొకరికి ఇస్తారు, అచ్చు వేసేది ల్యాబు. మీకు చూపించడానికి పంపే లింకు ఒకటి. మేకప్ అమ్మాయి ‘బిహైండ్ ద సీన్స్’ అంటూ తన ఫోన్లో తీసుకున్న రీల్ ఇంకొకటి. లెక్కపెడితే పది చోట్లు. ఇందులో మీరు ముఖం చూసి నమ్మింది ఒక్కరినే, ఫొటోగ్రాఫర్‌ని. మిగతావాళ్లెవరో మీకు తెలియదు.

ఈ పదిని రెండుకు తేవచ్చు. పెళ్లి ఆల్బమ్‌లా 12×36 అంగుళాల షీట్లు పెట్టుకోకపోతే సగం పని అయిపోయినట్టే. అంగుళానికి 300 చుక్కల నాణ్యతలో ఆ షీటుకు 3600×10800, అంటే దాదాపు 3.9 కోట్ల పిక్సెళ్లు కావాలి, పెద్ద ల్యాబు కావాలి. అదే 5×7 అంగుళాల ఫొటోకు 1500×2100, అంటే 31.5 లక్షలు చాలు. స్టూడియోలో ఉన్న మామూలు ఫొటో ప్రింటర్ మీద మీ కళ్లెదుటే అచ్చవుతుంది. ఆల్బమ్ డిజైనర్, ల్యాబు రెండూ తప్పిపోయాయి. పడకగది అల్మారాలో దాచుకునే పుస్తకానికి చేతిలో ఇమిడే సైజే అందం కూడా. రీటచింగ్ స్టూడియోలోనే, నెట్ తీసేసిన కంప్యూటర్ మీద చేయమనండి. లింకు వద్దు, వెళ్లి చూసి ఎంచుకోండి. గదిలో మీరు, ఫొటోగ్రాఫర్, మేకప్ మనిషి, మీకు తోడు ఒకరు, అంతే నలుగురు. ఫోన్లన్నీ బయట బుట్టలో. పని ముగిశాక పాస్‌వర్డ్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి, ఆల్బమ్ ఒకటి మీ దగ్గర. ఆల్బమ్ అందిన 30 రోజులకు స్టూడియో తన దగ్గరున్నవన్నీ చెరిపేయాలని రాయించుకోండి. కార్డును మామూలుగా ఫార్మాట్ చేస్తే ఫైళ్ల పట్టికే పోతుంది, ఫొటోలు మళ్లీ రాబట్టొచ్చు. ఆ కార్డు మీద వేరే ఫొటోలతో పూర్తిగా నిండా రాస్తేనే పాతవి పోతాయి.

మీ ఫోన్లోకి మాత్రం ఎక్కించకండి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినది చెరిపినా 60 రోజులు ట్రాష్‌లో ఉంటుంది, ఐఫోన్‌లో 30 రోజులు. పెళ్లింట్లో మీ ఫోను ఎవరెవరి చేతుల్లో తిరుగుతుందో మీకు తెలిసిందే. వరుడికి కూడా వాట్సాప్‌లో పంపకండి. అతని మీద అనుమానంతో కాదు, అతని ఫోన్ కూడా అలాగే తిరుగుతుంది కాబట్టి.

ముఖం లేకుండా తీయించుకుంటే భయం లేదని కొందరంటారు. పదో తరగతి సర్టిఫికెట్ మీద మీ గుర్తులుగా రాసిన పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి.

కాగితం మీద ఉండాల్సినవి

ఇండియాలో 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు వేరే ఒప్పందం లేనప్పుడు తొలి హక్కుదారు తీయించుకున్న వ్యక్తే. చాలా స్టూడియోల ఒప్పంద పత్రాల్లో ఆ ‘వేరే ఒప్పందం’ చిన్న అక్షరాల్లో ఉంటుంది: హక్కులు స్టూడియోవి, ప్రచారానికి వాడుకోవచ్చు. ఆ పంక్తిని కొట్టేసి ఇద్దరూ పక్కన సంతకం పెట్టండి. స్నేహితురాళ్లు కలిసి బహుమతిగా చేయించినా సరే, బిల్లు మీ పేరు మీదే ఉండాలి. అమెరికాలో లెక్క తిరగబడుతుంది: రాతపూర్వకంగా బదలాయిస్తే తప్ప హక్కు ఫొటోగ్రాఫర్‌దే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తీయించుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఫొటోకు ఒప్పుకుంటే అందరికీ చూపించడానికీ ఒప్పుకున్నట్టేనా? చట్టం కాదంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ వివరణ ఈ మాటను స్పష్టంగా చెబుతుంది: తీయడానికి ఒప్పుకుని, ఇతరులకు చూపడానికి ఒప్పుకోని స్త్రీ ఫొటోను పంచితే అది నేరమే. మొదటిసారి ఏడాది నుంచి మూడేళ్లు, రెండోసారి మూడు నుంచి ఏడేళ్ల జైలు, జరిమానా అదనం. ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అమెరికాలో 2025 మే 19న సంతకమైన టేక్ ఇట్ డౌన్ చట్టం, ఫిర్యాదు అందిన 48 గంటల్లో ఇలాంటి ఫొటోను తీసేయాలని సామాజిక మాధ్యమాలను కట్టడి చేసింది. 2021లో మొదలైన స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సేవ ఇంకో దారి. మీ ఫొటో మీ పరికరం దాటదు, దాని అంకెల ముద్ర మాత్రమే కంపెనీలకు వెళుతుంది, ఆ ముద్రకు సరిపోయే ఫొటో ఎవరైనా ఎక్కిస్తే ఆపుతారు. కేంద్రం నడిపే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇలాంటి ఫిర్యాదును పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు.

డబ్బు గురించి ఒక్క మాట: ఫొటోగ్రఫీ సేవకు జీఎస్‌టీ 18 శాతం. 30,000 అని చెప్పింది బిల్లులో 35,400 అవుతుంది. బిల్లు వద్దంటే తగ్గిస్తామంటారు, ఒప్పుకోకండి. బిల్లు లేకపోతే డబ్బిచ్చి తీయించుకున్నది మీరేనని చూపే కాగితమే ఉండదు.

అడ్వాన్సు కట్టే ముందు స్టూడియో వాళ్లను సూటిగా అడగండి: షూట్ అయిన నెలకు నా ఫొటోలు ఎన్ని చోట్ల ఉంటాయి? అంకెతో జవాబు చెప్పి, అది రాసి సంతకం పెట్టేవాళ్లకే తేదీ ఇవ్వండి.